నాలుగవ ట్రాకు

పుంగనూరు, కుప్పము, మదనపల్లె ప్రాంతముల పల్లెలలో భారతము జరుగగా చూచినవారికి నేను చెప్పబోవు విషయము సగము తెలిసినదే. ధర్మరాజుల గుడికి చేరువనున్న భారతపు మిట్టమీద, పదునెనిమిది దినములపాటు, పగటివేళ హరికథకుడు భారతకథను చెప్పుచుండును. ఆనాడు ఆయన ఏ ఘట్టము చెప్పెనో ఆ ఘట్టమునే రాత్రి వీధినాటకపు మేళమువారు వేషములు గట్టి తెల్లవారుదాక ఆడుదురు. కథ ఒకరిది, ఆట వేరొకరిది. ఆయన చేత చిరతలు, వారి వెనుక హార్మోనియము, మద్దెల. ఆయన నాలుగు మాటలలో దాటిపోయిన యుద్ధమును వారు జాముల కొలది సాగింతురు. అయినను అర్జునుడు తపస్సుమాను ఎక్కు దినమున ఇరువురును ఆ మాను మొదటనే కలిసికొనవలెను. దుర్యోధనవధ నాటి ఉదయమున, మట్టితో మలచిన ఆ మహాకాయము నేలపై పరచియుండగా, కథయు ఆటయు ఒక్క క్షణమునకు వచ్చి చేరవలెను. ఏలయన, ఆ సాయంకాలము అగ్నిగుండము త్రొక్కుటకు కంకణములు గట్టుకొని ఉపవాసమున్న భక్తులు అక్కడ నిలిచియున్నారు. రెండు నడకలు, రెండు కాలములు, ఒక్క కథ. ఆ రెంటిని కలిపి కట్టునది ఈ దినము ఎన్నవ దినమను లెక్క యొక్కటే. ఆ లెక్క తప్పకున్నంతవరకు ఎవరు ఎంత త్వరపడినను, ఎవరు ఎంత ఆలసించినను, కథకు భంగము లేదు.

ఈ సంగతిలోని లోతు నాకు తోచినది మాత్రము పుంగనూరులో ఒక మిత్రుని రికార్డింగు గదిలో, నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రమును మిడి సీక్వెన్సరుతో జతచేసి నడిపించు పనిలో నేనును ఒక చేయి వేసిన కాలమున.

పాటను దాచుటకు మానవుడు కల్పించిన ఉపాయములు ఎన్ని యున్నను, అవి రెండు జాతులుగా విడిపోవును. నాదమునే పట్టి యుంచునది ఒక జాతి. నాదమును మరల పుట్టించుటకు వలయు ఆజ్ఞలను మాత్రము వ్రాసి యుంచునది మరియొక జాతి. టేపు మొదటి జాతిది. నాలుగు మిల్లీమీటర్లయినను వెడల్పు లేని ఆ పలుచని పట్టీమీద, అయస్కాంతపు పూతలో, గాయకుని గొంతులోని జీర, హార్మోనియపు తిత్తి నిట్టూర్పు, కిటికీ అవతల మలుపు తిరిగిన బస్సు హారను, సమస్తమును ఉన్నది ఉన్నట్లు నిలిచిపోవును. సీక్వెన్సరునందు నాదము రవ్వంతయు లేదు. ఏ మెట్టు నొక్కబడినది, ఎప్పుడు నొక్కబడినది, ఎంత బలముగా నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది: దానికి తెలిసినది ఇంతే. ఆ ఆజ్ఞలను అందుకొని పలుకుటకు ఒక వాద్యము ఎదుట లేనిచో అది మూగ.

ఈ రెండవ జాతి జ్ఞాపకమునకు మదనపల్లెయందు జరిగినదానికంటె గొప్ప నిదర్శనము మన సీమలో నేనెరుగను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు బిసెంట్ థియొసాఫికల్ కళాశాలకు విచ్చేసి, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్సు ఆతిథ్యమున కొన్నినాళ్లుండి, 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి వినబడిన జనగణమనను అచటివారి యెదుట పాడిరి; ఐర్లండు దేశమునుండి వచ్చిన సంగీత పట్టభద్రురాలు మార్గరెట్ కజిన్సు ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి పట్టిరి; ఆ గీతమునకు కవి స్వయముగా చేసిన ఆంగ్లానువాదము క్రింద ఫిబ్రవరి 28 తేదీ యున్నది. అయస్కాంతపు టేపుపై శబ్దమును పట్టు యంత్రము జర్మనీలో జనులకు కనబడుటకు అప్పటికింకను పదునారేండ్ల వ్యవధి గలదు. ఆనాడు మదనపల్లెలో వినబడిన రవీంద్రుని కంఠము గాలిలో కలిసిపోయినది. ఆయన ఎక్కడ ఊపిరి తీసికొనిరో, ఏ అక్షరముపై ఒక రెప్పపాటు నిలిచిరో, మనకు చెప్పువారు లేరు. నిలిచినది ఆజ్ఞాపత్రము. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో జాతీయగీతముగా ప్రకటింపబడిన ఆ పాటను నేడు ఏ పోలీసు బ్యాండు వాయించినను, ఏ బడిపిల్లలు పాడినను, ఇంచుమించు 52 సెకన్లలో ముగించుచున్నారు. కాగితముపై వ్రాయబడిన స్వరమునకు ఉన్న బలము అది. లక్షలమంది ఒక్క గొంతుగా పలుకగలరు. దాని లోటును అదియే: ఆ లక్షలలో ఏ ఒక్కరి ఊపిరియు ఆ కాగితమున లేదు.

టేపునకు ఊపిరి తెలియును, లెక్క తెలియదు. సీక్వెన్సరునకు లెక్క తెలియును, ఊపిరి తెలియదు. ఈ రెంటిని ఒక పాటలో కలుపవలెనన్నచో రెండు యంత్రముల మీటలును ఒక్కసారి నొక్కిన చాలదా యని అనుభవము లేనివారు అడుగుదురు. చాలదు. టేపు యొక్క వేగము వేయింట ఒక వంతు మారెననుకొందము. చెవికి తెలియనంతటి స్వల్పభేదము. నాలుగు నిమిషముల పాటలో అది సెకనులో దాదాపు నాలుగవ వంతుగా పేరుకొనును. నిమిషమునకు 120 దెబ్బల నడకలో దెబ్బకును దెబ్బకును నడుమ ఎడము అర సెకను. అనగా పాట ముగియునప్పటికి మృదంగము ఒకచోట, సీక్వెన్సరు వాయించు తాళము దానికి సరిగా ఎదురుదెబ్బలో, పడుచుండును. పల్లవి వరకు పెండ్లి, చరణమునకు వచ్చునప్పటికి విడాకులు! పైగా ఆ భేదము స్థిరమైనదా యనిన, అదియు కాదు. రబ్బరు చక్రము గట్టిపడినను, బెల్టు వదులైనను, చుట్ట నిండుగా నున్నప్పుడు ఒక తీరు, తరిగినప్పుడు వేరొక తీరు. ఒకే టేపు ఒకే యంత్రముమీద రెండు మారులు తిరిగినచో రెండు మారులును ఒకే కాలమున ముగియదు.

కావున ఒకటి నడువవలెను, మరియొకటి వెంట రావలెను. ఏది నడువవలెను? లెక్క తప్పని సీక్వెన్సరే ముందుండుట న్యాయమని మొదట ఎవరికైనను తోచును. తప్పులు చేయువాడు తప్పులు చేయనివాని వెంట నడుచుట కదా లోకరీతి. వ్యవహారమున జరుగునది దీనికి విపరీతము. టేపు ముందు నడుచును, సీక్వెన్సరు వెంట నడుచును. టేపునకు దేహమున్నది: చక్రములు, బరువు, రాపిడి, జడత్వము, దానిని క్షణక్షణమును సవరించి నడిపింపవలెనన్న వేరొక పెద్ద యంత్రము కావలెను, అది గొప్ప స్టూడియోలకే గాని మా మిత్రుని వంటివారి గదులకు అందునది కాదు. సీక్వెన్సరునకు దేహము లేదు. కావుననే ఎంతటి నడకకైనను వంగగలదు. పుంగనూరు ఆవు పొట్టి కాళ్లతో ఒకప్పుడు నిదానముగా, ఒకప్పుడు దుడుకుగా నడుచుచుండగా దాని దూడ ఆ అడుగుల కనుగుణముగనే ఆగుచు, ఉరుకుచు వచ్చునట్లు, సీక్వెన్సరు టేపు వెంట వచ్చును. తప్పనివాడు తప్పువాని వెంట నడచి అతనిని ఒంటరిగా విడువకుండుట: ఈ ఏర్పాటులో నన్ను మొదటినుండియు ఆకట్టుకొన్నది ఇది.

ఆ ఏర్పాటు ఎట్లు జరుగునో కొంచెము దగ్గరగా చూతము. 1979లో టాస్కామ్ వారు పోర్టాస్టూడియో అను పేర వెలువరించిన తరహా యంత్రములలో సాధారణ క్యాసెట్టే వాడుదురు గాని, మామూలు టేప్ రికార్డరులో రెండు వైపులకు చెందు నాలుగు దారులును ఇక్కడ ఒకే దిక్కున నడుచును. పెక్కు యంత్రములలో వేగమును రెట్టింపు, సెకనుకు 9.5 సెంటీమీటర్లు. ఆ నాలుగు ట్రాకులలో నాలుగవదానిని పాటకు ఇయ్యరు. పాట పుట్టుటకు ముందే, ఖాళీ టేపుమీద, ఆ అంచు దారి పొడవునను ఒక సంకేతనాదమును ఎక్కింతురు. చెవికది కర్ణకఠోరము. రెండు స్థాయిల నడుమ మిక్కిలి వేగముగా అటునిటు ఊగు కీచుధ్వని. రాత్రి చెరువుగట్టున ఇలకోళ్లన్నియు ఒక్కమారు గొంతెత్తిన తీరు. పాత పద్ధతిలో ఆ ఊగుట సీక్వెన్సరు యొక్క తాళపు తట్టులను మాత్రము మోయును. 1983 జనవరిలో, పోటీలోనున్న రెండు కంపెనీల వాద్యములు, ప్రాఫెట్-600, జూపిటర్-6, ఒక సంగీత ప్రదర్శనలో తీగతో కలుపబడి ఒకదాని మాట ఒకటి విన్ననాటినుండి మిడి నియమమున ఒక్కొక్క దెబ్బకు 24 తట్టులు. టేపు తిరుగుచుండగా ఆ తట్టులు వచ్చును, తట్టు వచ్చినప్పుడు సీక్వెన్సరు ఒక అడుగు వేయును, రానిచో నిలిచిపోవును.

ఈ పద్ధతిలో ఒక కష్టము కలదు. తట్టులన్నియు ఒకే పోలిక. ఇది ఎన్నవ తట్టు అను సంగతి వాటిలో లేదు. రెండవ చరణములో ఒక మాట తప్పినచో, దానిని సరిదిద్దుటకు టేపును పాట మొదటివరకు చుట్టి, అక్కడనుండి నడిపింపవలెను. నడుమ దింపినచో సీక్వెన్సరు దానిని మొదటి తట్టుగనే భావించి పల్లవి యెత్తుకొనును. ఈ కష్టమును తీర్చినది 1960 దశకము చివర అమెరికాలో చలనచిత్ర, టెలివిజను ఇంజనీర్లు కల్పించిన కాలసంకేతము. అందులో ప్రతి చిన్న ఖండమును తన చిరునామాను తానే చెప్పుకొనును: ఇన్నవ గంట, ఇన్నవ నిమిషము, ఇన్నవ సెకను, ఆ సెకనులో ఇన్నవ ఫ్రేము. ఫ్రేమునకు 80 అంకెలు. మన దేశపు టెలివిజను లెక్కన సెకనుకు 25 ఫ్రేములు, అనగా సెకనుకు 2,000 అంకెలు ఆ అంచు దారిన పరుగిడును. టేపును ఎక్కడ దింపినను సీక్వెన్సరు రెండు మూడు చిరునామాలు చదివి, తానుండవలసిన ఆవర్తమును లెక్కించుకొని, అక్కడికి చేరి నడక కలుపును. చేరుటకు దానికి కొంత వ్యవధి వలయును గనుక పాటకు ముందు ఒక పది పదునైదు సెకన్ల సంకేతమును వట్టిగా విడుచుట అనుభవజ్ఞుల పద్ధతి. భారతపు మిట్టమీద ఎన్నవ దినమను లెక్క చేయు పనిని ఇక్కడ ఈ చిరునామా చేయుచున్నది.

నాలుగవ ట్రాకునకు పాటింపవలసిన ఆచారములు కొన్ని యున్నవి. బుస్సుమను టేపుధ్వనిని అణచు సాధనము మిగిలిన మూడు దారులకును ఉండవచ్చును, ఈ దారికి ఉండరాదు. అది సంకేతపు అంచులను మొద్దుబార్చును. ధ్వని మరీ పెద్దదైనచో ప్రక్కనున్న మూడవ ట్రాకులోనికి కారును. మరీ చిన్నదైనచో చదువు యంత్రము తడబడును. మా మిత్రుడు మూడవ ట్రాకున ఎప్పుడును డప్పు, మృదంగము వంటి గట్టి వాద్యములనే ఉంచెడివాడు, ఆ కారిన కీచు వాటి క్రింద అణగిపోవునట్లు. ఇన్ని కట్టుబాట్లకు లోబడి ఒక ట్రాకును త్యజించుట నష్టము కాదా యని తోచును. లాభమే. సీక్వెన్సరు వాయించు వాద్యములను టేపుపై ఎక్కింపనక్కరలేదు. తుది కూర్పునాడు టేపు తిరుగుచుండగా అవియు ఎదుటనే ప్రత్యక్షముగా పలుకును. మూడు ట్రాకులు గొంతునకును, తోలు వాద్యములకును మిగులును. తక్కినదంతయు ఆ నాలుగవ దారిని పట్టుకొని వచ్చును. మదరాసు స్టూడియోకు పోవు స్తోమత లేని ఊళ్లలో జాతర పాటల క్యాసెట్లు, భజన క్యాసెట్లు తయారు చేసినవారికి ఇది ఎంతటి వరమో, ఆ గదులలో కూర్చున్నవారికే తెలియును.

మన సంగీతమువారు అడుగదగిన ప్రశ్న ఒకటి ఇక్కడ కలదు. దెబ్బకు 24 తట్టులు గదా. 24ను 3 భాగించును, 4 భాగించును. త్రిశ్రగతికి, చతురశ్రగతికి కొదువ లేదు. 5 భాగింపదు, 7 భాగింపదు, 9 భాగింపదు. ఖండగతిలో ఒక దెబ్బను అయిదు చేసినచో ఒక్కొక్క భాగమునకు నాలుగు తట్టులును, అయిదింట నాలుగు వంతులును వచ్చును. అనగా స్వరము ఏ తట్టుపైనను పడక రెండు తట్టుల నడుమ శూన్యమున పడవలెను. మన అయిదు గతులలో మూడు ఈ నియమము చేసినవారి ఊహలో లేవు. అయినను సీక్వెన్సరు వాటిని వాయించుచున్నది. తట్టునకు తట్టునకు నడుమ తనలో తాను సూక్ష్మతరమైన లెక్క యొకటి నడుపుకొని, వెనుకటి తట్టు ఎంత ఎడముగా వచ్చెనో ముందరి తట్టును అంతే ఎడముగా వచ్చునని నమ్మి, ఆ నమ్మకముమీద అడుగు వేయును. నమ్మకము తప్పినచో మరుసటి తట్టువద్ద సరిదిద్దుకొనును. మృదంగ విద్వాంసుడు గాయకుని వెంట నడుచుటలో చేయునదియు ఇదియే యని నేననుకొనుచున్నాను.

కాలమును కట్టివేయు గడియారము ముందుండవలసిన చోట్లు లేకపోలేదు. కుప్పము స్టేషనునే చూడుడు. మదరాసునుండి బెంగళూరు పోవు ఈ దారిలో వెనుకటి రోజులలో బండ్లు మదరాసు కాలమున నడచెడివి. 1906 జనవరి 1నుండి దేశమంతటికిని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలము ఏర్పడినది. కుప్పము ఆ రేఖకు నాలుగు డిగ్రీలకు పైగా పడమటనున్నది గనుక అక్కడి సూర్యుడు స్టేషను గడియారమునకు సగటున 16, 17 నిమిషములు వెనుకబడి యుండును. సగటున అంటిని, సూర్యుడు సైతము ఏకరీతిగా నడువడు. నవంబరు మొదటి వారమున కుప్పమున సూర్యుడు సరిగా పన్నెండు గంటలకే నడినెత్తికి వచ్చును. ఫిబ్రవరి నడుమ పన్నెండున్నర కావలెను. లోకబాంధవుని నడకలోనే ఈ ఊగిసలాట యున్నప్పుడు మన రబ్బరు చక్రమును ఏమనగలము? అయినను కుప్పములో సూర్యుని నమ్మి బండి నడిపినచో ఒకే పట్టాపై రెండు బండ్లు ఎదురుపడును. అక్కడ ఊరే గడియారమునకు లొంగవలెను, లొంగినది. చలనచిత్రమునకు సెకనుకు 24 బొమ్మలు. పెదవి కదలికతో మాట కలియవలెనన్న అక్కడను గడియారమే ప్రభువు. ఈ మర్యాదను నేను శిరసావహింతును.

గానమున మాత్రము నా మనస్సు దీనికి ఒప్పుకొనదు. చెవిలో టక్కుటక్కుమను క్లిక్కును విని దానికి పాడు అలవాటు చలనచిత్రములనుండి చిన్న ఊళ్ల గదులకును దిగివచ్చినది. పాడువాడు ముందుగా కూర్చిన తాళము వెంట నడువవలెను, మనుష్యుడు యంత్రమునకు దూడ కావలెను. దానివలన పని సులభమగుట నిజము. ఆ పద్ధతిన పాడిన గొప్ప పాటలును ఉన్నవి. కాని ఒక వృద్ధ హరికథకుడు ఆ గదికి వచ్చిన సాయంకాలమున నేను చూచినది నా నిశ్చయమును గట్టిపరచినది.

ఆయన భారతపు మిట్టలమీద జీవితమంతయు గడపినవాడు. దుర్యోధనవధ ఘట్టమును క్యాసెట్టుగా తీయవలెనని ఊరివారి కోరిక. మిత్రుడు చెవికి హెడ్‌ఫోను తగిలించి క్లిక్కు వినిపించినాడు. దాసుగారు రెండు నిమిషములు విని దానిని తీసి బల్లపై పెట్టి, "ఆ టక్కుటక్కు చెవిలో పెట్టుకోని నేను ఊపిరి యాడ తీసుకునేది నాయనా? భీముడు గద ఎత్తే కాడ నేను రవ్వంత నిలబడల్ల. అది నన్ను నిలబడనిస్తాదా?" అని అడిగిరి. ఆ ప్రశ్నలో కోపము లేదు. పనివాడు పనిముట్టును గురించి అడుగు ప్రశ్న. మిత్రుడు కొంతసేపాలోచించి, "వద్దులే స్వామీ. మీరు మీ పద్ధతిన చెప్పండి. మిషనే మీ వెనకాల వస్తాది" అన్నాడు.

వచ్చినది. ఆ విధము ఇది. నాలుగవ దారిన కాలసంకేతము ముందే ఎక్కియున్నది. మొదటి ట్రాకుపై దాసుగారు చిరతలతో, రెండవదానిపై హార్మోనియము, మూడవదానిపై మృదంగము, మువ్వురును ఒకరినొకరు చూచుకొనుచు, గడియారముతో నిమిత్తము లేకుండ, ఆ ఘట్టము నడిపిరి. వారు వెళ్లిన పిమ్మట మిత్రుడు టేపును మొదటికి చుట్టి, నడిపించి, దాసుగారి చిరతల దెబ్బ పడినప్పుడెల్ల కీబోర్డుపై ఒక మెట్టును తాను తట్టుచు పోయినాడు. ఏ దెబ్బ ఏ చిరునామావద్ద పడినదో సీక్వెన్సరు గుర్తించుకొని, దానినిబట్టి దెబ్బదెబ్బకును నడకను మార్చుకొను పట్టిక యొకటి వ్రాసికొన్నది. ఆ పట్టికను తెరపై చూచితిని. అంకెల వరుస మాత్రమే. నిమిషమునకు 76 దెబ్బలతో మొదలైన నడక, ద్రౌపది పరాభవమును తలచుకొను చోట 70కి దిగి, గదాయుద్ధములో 80, 84, 90 దాటి, గద యెత్తిన దెబ్బవద్ద ఒక్కమారు 58కి పడి, తొడపై పడిన దెబ్బకు మరల 90కి లేచినది. ఆ నిలుపుట ఆయన యాదృచ్ఛికముగా చేసినది కాదు. ఆ ఘట్టము మరల వచ్చిన చోట, రెండవ భాగమున, ఇంచుమించు అదే అంకె మరల కనబడినది. మద్దెలవానికి తెలిసి, శ్రోతకు తెలియకయే గుండెను తాకి, ఏ స్వరలిపియందును వ్రాయబడని ఆ నేర్పు, తెరపై అంకెలుగా నిలిచియుండగా చూచి నేను చాలసేపు మాటలాడలేకపోయితిని. పిమ్మట మిత్రుడు కూర్చిన తంత్రీనాదములు, దూరపు గంట, ఆయన ఆగినచోట ఆగి, దూకినచోట దూకి నడచినవి. పెద్దలు మెచ్చుకొనవలసిన సంగతి ఇది: యంత్రమునకు వినయము నేర్పవచ్చును, నేర్పుట మన చేతిలో పని.

శ్రుతి తల్లి, లయ తండ్రి యని మనవారి మాట. ఈ సంకేతము తండ్రిని కలుపును గాని తల్లిని కలుపదు. టేపు కొంచెము నిదానించినచో సంకేతమును నిదానించును, సీక్వెన్సరును నిదానించును, లయ చెడదు. అయితే టేపుపైనున్న గొంతు నిదానించుటతోపాటు శ్రుతియు దిగును, సీక్వెన్సరు పలికించు వాద్యము తన శ్రుతిలోనే నిలిచియుండును. వేగము నూటికి ఒకటింబావు తగ్గినచో శ్రుతి తగ్గుదల ఇంచుమించు 81కి 80 నిష్పత్తి. అది మన శాస్త్రకారుల లెక్కలో ఒక ప్రమాణశ్రుతి. దాసుగారి టేపును తుది కూర్పునకు వేరొక యంత్రముపై వేసినప్పుడు జరిగినది అదే. తాళము తలవెండ్రుకంత తప్పలేదు, హార్మోనియమును తంత్రీనాదమును మాత్రము ఒకదానినొకటి ఒరసికొనుచుండెను. యంత్రముపై వేగము సవరించు గుండీని చేత పట్టుకొని, కన్నులు మూసికొని, హార్మోనియపు షడ్జమము వాద్యపు షడ్జమములో లీనమగువరకు త్రిప్పవలసి వచ్చినది. వేగము మారినను లయకు భయము లేదు గదా, అది వెంట వచ్చును. లయను యంత్రమునకు అప్పగింపవచ్చును; శ్రుతిని చెవియే చూచుకొనవలెను.

ఇప్పుడు ఈ సంగతులన్నియు వ్రాయుటకు కారణము వేరొకటి కలదు. ఆనాటి గదులు మూతపడినవి. సీక్వెన్సరు పట్టికలు దాచిన మూడున్నర అంగుళముల ఫ్లాపీలు బూజు పట్టుచున్నవి. నాలుగు ట్రాకుల క్యాసెట్లు పాత పెట్టెలలో మామూలు క్యాసెట్లతో కలిసిపోయినవి. ఎవరైనను ఒకదానిని తీసి ఇంటి టేప్ రికార్డరులో వేసినచో, గొంతు సగము వేగమున బొంగురుగా మూలుగును. రెండవ వైపు త్రిప్పినచో వాద్యము వెనుకకు నడుచును, ప్రక్కన ఆ కీచుధ్వని చెవులు కోయును. టేపు చెడిపోయినదని తలచి పారవేయుదురు, లేదా దానిపై వేరొక పాట ఎక్కింతురు. మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పము చుట్టుప్రక్కలను హరికథకుల, మేళమువారి కుటుంబములలో అట్టి క్యాసెట్లున్నచో, దయచేసి పారవేయవద్దు. అది చెడినది కాదు; సరియైన యంత్రమున పడలేదు, అంతే. అట్టి యంత్రము నడుచుచున్నది దొరికినచో నాలుగు ట్రాకులను కంప్యూటరులోనికి ఎత్తించుడు. ఎత్తునప్పుడు నాలుగవ దానిని రొదయని విడిచిపెట్టవద్దు, దానికి శబ్దశుద్ధి చేయవద్దు, చిన్న ఫైలు కొరకు కుదింపవద్దు. కాలసంకేతమును చదువగల నేటి సాధనము దాని నుండి చిరునామాలు గ్రహించి, ఫ్లాపీ బ్రతికియున్నచో ఆ పట్టికను, లేకున్నచో క్రొత్తగా తట్టిన పట్టికను, ఆ గొంతు వెంట నడిపింపగలదు. మరియొక మాట: నాలుగు ట్రాకులును ఒకే మారు, ఒకే పరుగులో ఎత్తవలెను. ఒక్కొక్కటిగా ఎత్తి పిమ్మట కలుపవచ్చునని కొందరు పనివారు చెప్పుదురు. ఒప్పుకొనవద్దు, టేపు రెండు మారులు ఒకే నడక నడువదు.